చేసినవాడు ఎక్కడికి పోయాడు?



ఒక ఆదివారం ఉదయం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఒక తల్లి నన్ను ఆపింది. పక్కనే ఆమె పెద్దకొడుకు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

"మాస్టారూ, పరీక్షలు దగ్గరకొచ్చేసాయండి. ఈడు చూస్తే ఎప్పుడూ దెయ్యాల కథలు, మరమనుషుల కథలు. ఇవన్నీ అబద్ధాలే కదండీ? చదివితే పాపమేటైనా ఉందాండి?" అంటూ సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఫ్రాంకెన్‌స్టైన్. అట్టమీద బొమ్మ భయంకరంగానే ఉంది. నుదుటిమీద కుట్లు, మెడకు రెండు వైపులా మేకులు. (ఆ మేకులు పుస్తకంలో లేవు. 1931లో హాలీవుడ్ సినిమావాళ్ళు దిగ్గొట్టినవి.)

నేను ఆ అబ్బాయి వైపు చూశాను. "ఏం నచ్చిందిరా ఇందులో?" అన్నాను.

"ఇందులో దెయ్యం తప్పేం లేదు మాస్టారూ. చేసినోడే పారిపోయాడు," అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ కుటుంబం సంగతి నాకు తెలుసు. ఇప్పుడు సింహాచలం దగ్గర అద్దెకుంటున్నారు గాని, 2020లో వాళ్ళ ఇల్లు ఆర్.ఆర్.వెంకటాపురం పక్కన ఉండేది. ఆ ఏడాది మే 7వ తేదీ తెల్లవారుజామున ఈ పిల్లవాడిని తండ్రి భుజాన వేసుకుని చీకట్లో పరుగెత్తాడు. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. ఆ తల్లికి వచ్చేవారం ఈ శీర్షికలో జవాబు రాస్తానని చెప్పి, పుస్తకం చేతిలో పట్టుకునే ఇంటికి వచ్చాను.

ముందు అబద్ధాల సంగతి చూద్దాం. సైన్స్ ఫిక్షన్ అంటే విజ్ఞానాన్ని ఆధారం చేసుకుని అల్లిన కల్పిత కథ. ఇంకా రాని యంత్రం, ఇంకా చూడని లోకం, ఇంకా జరగని యుద్ధం అందులో ఉంటాయి. జరగలేదు కాబట్టి అబద్ధమే అందామా? అయితే తప్పిపోయిన కుమారుడు ఏ ఊరివాడు? మంచి సమరయుడు బస చేయించిన సత్రానికి అద్దె ఎంత? ఎవరం అడగం. క్రీస్తునాథుడు కథ చెప్పినప్పుడు విన్నవాళ్ళు తమ ఇంటి సంగతే చెబుతున్నాడని గ్రహించారు. కొందరికి కోపం కూడా వచ్చింది. కల్పితమైనంత మాత్రాన కథ అబద్ధం కాదు. మనిషి గురించి తప్పు చెబితేనే అబద్ధం అవుతుంది.

ఈ రకం సాహిత్యంలో చెత్త లేదని నేను అనను. బోలెడు ఉంది. ఆ మాట థియొడోర్ స్టర్జన్ అనే అమెరికన్ రచయితే ఒప్పుకున్నాడు. ఆయనా ఇటువంటి కథలే రాసేవాడు. సైన్స్ ఫిక్షన్‌లో నూటికి తొంభై పాళ్ళు పనికిమాలినదే, అయితే లోకంలో ప్రతిదానిలోనూ నూటికి తొంభై పాళ్ళు పనికిమాలినదే గదా అని ఆయన వాదం. చెడ్డదాన్ని చూపించి మొత్తాన్ని కొట్టేయకండి అని దాని అర్థం. మన వేదికల మీద వినబడే ప్రసంగాలకూ ఈ లెక్క వర్తిస్తుందేమోనని నా అనుమానం. ఆ సంగతి అలా ఉంచండి.

డార్కో సూవిన్ అని ఇంకొక విమర్శకుడున్నాడు. జాగ్రెబ్ నగరంలో పుట్టి కెనడాలో పాఠాలు చెప్పినవాడు. 1979లో ఆయన పుస్తకం వచ్చింది. ఈ కథలు మనకు బాగా అలవాటైన లోకాన్ని తెలియని లోకంలా ఎదుట నిలబెట్టి, తిరిగి తెలుసుకునేలా చేస్తాయని ఆయన సిద్ధాంతం. చదివితే కొంచెం కొరకరాని కొయ్య. కాని సింహాచలం కింద బతికేవాళ్ళకు అది అర్థం కావడం కష్టమేమీ కాదు. మన హైందవ సోదరుల కొండమీది స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉంటాడు. వైశాఖంలో ఒక్కరోజు పూత ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ ఒక్కరోజు కోసం జనం ఎండలో మైళ్ళకొద్దీ బారులు తీరుతారు. మంచి సైన్స్ ఫిక్షన్ కథ చేసేదీ అటువంటి పనే. మనం రోజూ చూస్తూ చూడకుండా పోయే వస్తువు మీద అలవాటు అనే పూతను కాసేపు ఒలుస్తుంది.

ఇక ఆ అబ్బాయి మాటకు వస్తాను.

ఫ్రాంకెన్‌స్టైన్ రాయడం మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్ళు. 1797లో ఆమె పుట్టిన పది పన్నెండు రోజులకే తల్లి చనిపోయింది. 1815లో ఆమెకు నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డ పేరైనా పెట్టకముందే పోయింది. ఆ మరుసటి ఏడు, అంటే 1816లో, స్విట్జర్లాండు జెనీవా సరస్సు ఒడ్డున వేసవి వేసవిలా లేదు. అంతకు ముందు సంవత్సరం ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఆకాశం నిండా దుమ్ము చిమ్మింది. లోకమంతటా వాతావరణం తలకిందులైంది. వాన వదలక ఇంట్లో చిక్కుకున్న స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాద్దామనుకున్నారు. మిగిలినవాళ్ళ కథల సంగతి ఎలా ఉన్నా ఈ అమ్మాయి కథ నిలిచింది. 1818లో రచయిత పేరు లేకుండా అచ్చయింది.

బ్రయన్ ఆల్డిస్ అనే ఆంగ్ల రచయిత 1973లో సైన్స్ ఫిక్షన్ చరిత్ర రాస్తూ, ఈ సాహిత్యానికి తొలి పుస్తకం ఇదేనన్నాడు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ మంత్రాలూ రసవాదమూ పక్కన పెట్టి, విశ్వవిద్యాలయంలో చేరి, కొత్త విజ్ఞానశాస్త్రం నేర్చుకుని తన పని సాధిస్తాడు కాబట్టి. ఈ వాదం నాకు సబబుగానే తోస్తుంది.

మన ఇళ్ళలో ఈ కథ గురించి మాట వస్తే పెద్దలు అనే మాట ఒకటుంది. "దేవుడితో పోటీ పడ్డాడు, అందుకే నాశనమయ్యాడు" అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. క్లాసులో పిల్లలకు అలాగే చెప్పాను కూడా. ఈమధ్య మళ్ళీ చదివితే పుస్తకంలో కనబడింది వేరు.

నవంబరు మాసం, రాత్రి, వాన. రెండేళ్ళ శ్రమ తరువాత ప్రాణం కళ్ళు తెరిచింది. విక్టర్ చూశాడు. అది అందంగా లేదు. వెంటనే గది వదిలి పారిపోయాడు. పడకగదిలోకి పోయి నిద్రపోయాడు! మెలకువ వచ్చేసరికి అది మంచం తెర పైకెత్తి, ఏదో గొణుగుతూ, నవ్వుతూ అతని వైపు చెయ్యి చాపి నిలబడి ఉంది. విక్టర్ మళ్ళీ పారిపోయాడు. తల్లులారా, తండ్రులారా, ఆ దృశ్యం ఒక్కసారి ఊహించండి. పుట్టిన మొదటి రాత్రి నవ్వుతూ చెయ్యి చాపేది ఎవరు? దానికి పేరు పెట్టినవాడు లేడు. పుస్తకం చివరిదాకా దానికి పేరే లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది చేసినవాడి పేరు. మనం ఆ పేరును భూతానికి తగిలించి, అసలు మనిషిని మరచిపోయాం.

ఆ ప్రాణి అడవిలో ఒక పేద కుటుంబం ఇంటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ళ మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. రాత్రిళ్ళు వాళ్ళకు తెలియకుండా కట్టెలు కొట్టి గుమ్మంలో పెడుతుంది. గుడ్డివాడైన ఆ ఇంటి ముసలితండ్రి దానితో దయగా మాట్లాడతాడు. కళ్ళున్న కొడుకు కర్ర పుచ్చుకుని బాదుతాడు. ఆ తరువాతే అది హింసకు దిగుతుంది. చివరకు తన కర్తను మంచు పర్వతం మీద పట్టుకున్నప్పుడు దాని ఫిర్యాదంతా తనను వదిలేసి వెళ్ళినందుకే.

ఆదికాండంలో ఒక చిన్న సంగతి ఉంది. మనం వేగంగా చదివేస్తాం. ఆదాము, అవ్వ తప్పు చేశారు. శిక్ష పడింది. తోట విడిచి పోవాలి. అయితే వాళ్ళను పంపే ముందు సర్వేశ్వరుడే చర్మంతో బట్టలు చేసి వాళ్ళకు తొడిగాడు. తాను చేసినవాళ్ళు తనకు ఎదురు తిరిగాక కూడా, వాళ్ళు చలికి వణుకుతారేమోనన్న చింత ఆయనకుంది. విక్టర్ పతనం దేవుడిని అనుకరించడంలో ఉందంటారు. నాకైతే అతడు సగమే అనుకరించాడనిపిస్తుంది. చేయడం వరకు అనుకరించాడు. బట్టలు తొడిగే దగ్గర ఇంట్లో లేడు.

ఇప్పుడు జస్టిన్ గురించి చెప్పాలి. సినిమాల్లో ఈమెకు పెద్దగా చోటుండదు గాని, పుస్తకానికి గుండెకాయ ఈమేనని నా అభిప్రాయం. విక్టర్ ఇంట్లో పనిచేస్తూ, ఆ ఇంటి పిల్లలాగే పెరిగిన అమ్మాయి. విక్టర్ చిన్నతమ్ముడిని ఆ ప్రాణి చంపి, పిల్లవాడి మెడలోని బొమ్మను నిద్రపోతున్న జస్టిన్ దుస్తుల్లో పెడుతుంది. ఆమెను పట్టుకున్నారు. హంతకుడెవరో ఊరంతటిలో విక్టర్ ఒక్కడే గ్రహించాడు. న్యాయస్థానంలో కూర్చున్నాడు. ఆమె నిర్దోషి అని గట్టిగా నమ్మాడు, న్యాయాధిపతులను బతిమాలాడు కూడా. అయినా తనకు తెలిసింది మాత్రం చెప్పలేదు. చెబితే పిచ్చివాడంటారని భయం. అమ్మాయిని ఉరితీశారు.

ఇందులో మనల్ని నొప్పించే విషయం ఒకటుంది. దాచడం నాకు ఇష్టం లేదు. జస్టిన్ మన కథోలిక అమ్మాయి. చేయని నేరాన్ని ఆమె ఒప్పుకుంటుంది. ఎందుకు? పాపసంకీర్తనం వినే గురువు ఆమెను వెలివేస్తానని, నరకం పాలవుతావని బెదిరించి ఒప్పించాడు. కథలో మాటే. మేరీ షెల్లీ కాలపు ఇంగ్లండులో మనవాళ్ళంటే ఉన్న చిన్నచూపు కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. అయినా అది చదివి "మనమీద బురద చల్లారు" అని పుస్తకం మూసేయడం కంటే, భయపెట్టి ఒప్పించడం మన ఇళ్ళలో, మన బడుల్లో ఎన్నిసార్లు జరుగుతుందో గుర్తు చేసుకోవడం మేలు. ఉపాధ్యాయుడిగా నేనూ ఆ పని చేశాను. తరగతిలో పెన్ను పోతే ఎప్పుడూ పేదపిల్లవాడి సంచే ముందు వెదికాను.

తెలిసినవాడు నోరు విప్పలేదు. అమాయకురాలు పోయింది. ఇక్కడికి వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

2020 మే 7 మీకు నేను గుర్తు చేయనక్కర లేదు. మహమ్మారి వల్ల నలభై రోజులకు పైగా కర్మాగారం మూతపడి ఉంది. ట్యాంకులో స్టైరీన్ అనే ద్రవం నిలవ ఉంది. దాన్ని ఊరికే వదిలేస్తే కుదరదు. చల్లగా ఉంచాలి, తనలో తాను గట్టిపడకుండా ఆపే మందు కలుపుతూ ఉండాలి. లేకపోతే తనంతట తానే వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ట్యాంకు అడుగున ఉన్న ఉష్ణమాపకం పైపొరల వేడిని చెప్పలేకపోయింది. తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆవిరి బయటపడింది. గాలికంటే బరువైన ఆవిరి. నేలబారుగా ఇళ్ళలోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం దర్యాప్తు చేసి జులైలో నివేదిక ఇచ్చింది. అందులో అన్నిటికంటే నా మనసులో నాటుకున్నది ఒక్క విషయం. కర్మాగారంలో సైరన్ ఉంది. అది మోగలేదు.

రాత్రి వేళ ఊరు నిద్రపోతోంది. లోపల ఏదో తప్పుతోందని తెలిసే అవకాశం ఉన్నది గోడకు అవతలి వాళ్ళకే. సైరన్ మోగి ఉంటే కొన్ని నిమిషాలు దొరికేవి. ఆ పిల్లవాడు ఫ్రాంకెన్‌స్టైన్‌లో చదివింది ఈ రాత్రినే. మనం అట్టమీద బొమ్మ చూసి దెయ్యం పుస్తకం అనుకున్నాం.

అయితే దీనికి ఎదురుమాట ఉంది. అది తేలికైనది కాదు. ఐజక్ ఆసిమోవ్ అనే రచయిత ఈ ఫ్రాంకెన్‌స్టైన్ భయం మీద విసుగెత్తిపోయాడు. ప్రతి కథలోనూ మనిషి యంత్రం చేయడం, యంత్రం మనిషిని చంపడం, ఇదేం గోల అన్నాడు. కత్తికి పిడి ఉన్నట్టు యంత్రానికీ కాపు పెట్టవచ్చు గదా అని 1942లో ఒక కథలో మరమనుషులకు మూడు సూత్రాలు విధించాడు. మనిషికి హాని చేయరాదు, మనిషి మాట వినాలి, తనను తాను కాపాడుకోవాలి, ఆ వరుసలో. విశాఖవాసులుగా మనం ఆసిమోవ్ పక్షాన కొంత నిలబడక తప్పదు. ఉక్కు కర్మాగారం కావాలని 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. మన విచారణల్లో ఎన్ని కుటుంబాలు ఉక్కు మీద, ఓడరేవు మీద, నౌకా నిర్మాణం మీద, చమురుశుద్ధి మీద అన్నం తింటున్నాయో లెక్కపెట్టండి. "యంత్రాలు పాపం, కర్మాగారాలు సాతాను పని" అని కూర్చునే హక్కు మనకు లేదు. మనం తినే అన్నం ఆ పొగలోనే ఉడికింది.

తమాషా ఏమిటంటే, ఆసిమోవ్ రాసిన మంచి కథలన్నీ ఆ మూడు సూత్రాలు ఎక్కడ తడబడతాయో చూపేవే. సూత్రం రాసి గోడకు తగిలించి ఇంటికి పోతే చాలదని, దగ్గర ఒక మనిషి ఉండి చూసుకోవాలని ఆయన కథలే చెబుతాయి. గోడమీద భద్రతా నియమాల బోర్డు లేని కర్మాగారం మన ఊళ్ళో ఒక్కటి చూపించండి.

రోబో అన్న మాట పుట్టుకే వినదగ్గది. చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ఒక నాటకం రాశాడు. కృత్రిమంగా తయారుచేసిన కూలీలకు ఏం పేరు పెట్టాలా అని సతమతమవుతుంటే, చిత్రకారుడైన అతని అన్న జోసెఫ్ ఈ పేరు సూచించాడు. వాళ్ళ భాషలో రొబోత అంటే దొరగారి పొలంలో కూలి లేకుండా చేసే పని. మనకు ఆ మాట కొత్త కాదు. వెట్టి. అంటే రోబో అన్నవాడు వెట్టివాడు. ఆ నాటకంలో వెట్టివాళ్ళు తిరగబడి మనుషులందరినీ చంపి, ఒక్కడిని మాత్రం మిగుల్చుతారు. తన చేతులతో ఇటుకలు పేర్చి పనిచేసేవాడిని.

మన తెలుగు ఇళ్ళలో ఈ కథలు ఎక్కువగా సినిమా ద్వారానే వచ్చాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆదిత్య 369 చూడని వాళ్ళుంటారా? కృష్ణదేవరాయల కాలానికి తీసుకుపోయిన ఆ యంత్రమే, అణుయుద్ధం తరువాత భూమి కింద బతికే మనుషుల దగ్గరకూ తీసుకుపోయింది. మనకు రాయల సభ గుర్తుంది, రెండోది అంతగా గుర్తులేదు. 2024లో వచ్చిన కల్కి 2898 ఎ.డి.లో గర్భిణులను ఒక దొర ఆయుష్షు కోసం వాడుకునే ప్రయోగశాల ఉంది. యుద్ధాల హోరులో ఆ భయంకరమైన ఆలోచన కొట్టుకుపోయిందేమోనని నాకు దిగులు. నా మట్టుకు వీటన్నిటిలో ఎక్కువ గుచ్చుకున్నది 2010లో శంకర్ తీసిన రోబో. దాని రచనలో తమిళ రచయిత సుజాతగారి చెయ్యి ఉంది. ఆయన బెంగుళూరులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పనిచేసి, మనం ఓటు వేసే యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్నవాడు.

అందులో ఒక ఘట్టం. ఇళ్ళు తగలబడుతుంటే చిట్టి అనే మరమనిషి మంటల్లోకి వెళ్ళి జనాన్ని కాపాడుతుంటాడు. స్నానాల గదిలో చిక్కుకున్న ఒక అమ్మాయిని ఒంటిమీద బట్టలేకుండానే ఎత్తుకొచ్చి కెమెరాల ముందు నిలబెడతాడు. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. చిట్టికి లెక్కలన్నీ తెలుసు. సిగ్గు తెలియదు. ఆ తరువాత చిట్టికి మనసులాంటిది వచ్చి, చేసినవాడికి అడ్డం తగిలినప్పుడు, ఆ శాస్త్రవేత్త కోపంతో అతడిని గొడ్డలితో నరికేస్తాడు. ముక్కలు చెత్తకుప్పకు చేరతాయి. కుప్పలోంచి ఏరుకున్నది ఒక దుర్మార్గుడు. థియేటర్లో అందరం ఆ తరువాతి పోరాటానికి ఈలలు వేశాం. ఆ చెత్తకుప్ప దగ్గర ఆగి, పారేసింది ఎవరని అడిగినవాళ్ళు తక్కువ.

పారిపోయినవాళ్ళ గురించే చెబుతున్నాను. తిరిగి వచ్చినవాడొకడున్నాడు.

వాల్టర్ మిల్లర్ అని అమెరికన్ యువకుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసే విమానంలో పనిచేశాడు. 1944 ఫిబ్రవరి 15న ఇటలీలో మోంటె కసీనో కొండమీది మఠం మీద బాంబులు కురిపించిన దాడుల్లో అతడూ ఉన్నాడు. ఆరవ శతాబ్దంలో పునీత బెనడిక్టు స్వయంగా స్థాపించిన మఠం అది. ఆశ్రయం కోసం లోపల చేరిన సామాన్యులు ఎందరో చనిపోయారు. (1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఊరు ఖాళీ అయిపోయిన కథలు మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. పైనుంచి బాంబు వేసినవాడి పేరు మాకు ఎప్పుడూ తెలియలేదు. అతడికీ మా పేర్లు తెలియవు.) మిల్లర్ 1947లో కథోలిక శ్రీసభలో చేరాడు. 1959లో అతడి నవల వచ్చింది. పేరు ఎ కాంటికల్ ఫర్ లైబోవిట్స్.

అణుయుద్ధంలో లోకం నాశనమైంది. మిగిలిన జనం కోపంతో శాస్త్రవేత్తలనూ చదువుకున్నవాళ్ళనూ చంపి, పుస్తకాలు తగలబెట్టారు. ఎడారిలో ఒక మఠం మాత్రం దొరికిన కాగితం ముక్కనల్లా దాచుకుంది. ఆ సన్యాసులకు అందులో ఏముందో అర్థం కాదు. ఒక విద్యుత్ పరికరం నకలు పటం దొరికితే, ఫ్రాన్సిస్ అనే అమాయకపు బ్రదర్ దానికి బంగారు పూతతో, తీగెలూ లతలూ అల్లి పదిహేనేళ్ళు కూర్చుని ప్రతి రాస్తాడు. పాపుగారికి సమర్పించడానికి బయలుదేరితే దారిదొంగ ఆ బంగారు ప్రతిని లాక్కుంటాడు. అసలు పటాన్ని పనికిరాని చిత్తుకాగితమని వదిలేస్తాడు. అంగడి సరుకుల చీటీ ఒకటి కూడా ఆ మఠంలో పవిత్ర వస్తువే! నవ్వొస్తుంది. మన చాదస్తాలూ కనబడతాయి. కాని వందల ఏళ్ళ తరువాత ఆ కాగితాల వల్లే దీపం వెలుగుతుంది. తరువాత మళ్ళీ అణుబాంబూ తయారవుతుంది. మఠాధిపతికి ఆ సంగతి తెలుసు. అయినా వాళ్ళు పారిపోరు, కాగితాలు తగలబెట్టరు. చివరి భాగంలో రేడియేషను సోకి చావబోతున్నవాళ్ళ కోసం మఠం వాకిట్లోనే గుడారాలు వేస్తారు. ఒక తల్లి, ఆమె పసిపాప. బాధ లేకుండా చంపేస్తామనే వైద్యుడు ఒకవైపు, వద్దని అడ్డం నిలబడే ముసలి మఠాధిపతి ఒకవైపు. ఆ వాదనలో రచయిత వైద్యుడిని రాక్షసుడిగా చూపలేదు. అతడూ జాలిగలవాడే. అందుకే అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తాను కూలగొట్టిన దానివంటి మఠాన్నే కథలో తిరిగి కట్టి, అందులో దీపం పెట్టిన మనిషి మిల్లర్. ఇటలీలోని అసలు మఠాన్నీ తిరిగి కట్టారు. 1964లో జగద్గురువులు ఆరవ పాలుగారు దాన్ని తిరిగి ప్రతిష్ఠించారు.

ఇక మన గుమ్మం దగ్గరకు వస్తాను. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమ మేధ కోసం బ్రహ్మాండమైన డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి. దానికి చెప్పిన స్థలాల్లో తర్లువాడ, రాంబిల్లితో పాటు అడవివరం ఉంది. అడవివరం అంటే సింహాచలం కొండ మొదలు. మనం సంపెంగలూ అనాసపళ్ళూ కొనుక్కునే చోటు. ఆసిమోవ్ కథ చదవడానికి ఇక లైబ్రరీకి పోనక్కర లేదు, సిటీబస్సో, ఆటోనో చాలు. దానివల్ల ఉద్యోగాలు వస్తాయంటున్నారు. నీళ్ళెన్ని కావాలి, కరెంటెంత కావాలి అని అడుగుతున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ న్యాయమైన మాటలే.

అదే ఏడాది జనవరిలో వాటికన్ కృత్రిమ మేధ మీద ఒక సుదీర్ఘ పత్రం వెలువరించింది. యంత్రం ఎంత తెలివిగా కనిపించినా నైతిక బాధ్యత దానిది కాదని, దాన్ని తయారుచేసేవాళ్ళదీ వాడేవాళ్ళదీ అని అందులో గట్టిగా ఉంది. మే నెలలో ఎన్నికైన జగద్గురువులు పదునాలుగవ సింహరాయలుగారు ఆ పేరు ఎంచుకోవడానికి కారణం చెబుతూ, 1891లో కార్మికుల పక్షాన విశ్వలేఖ రాసిన పదమూడవ సింహరాయలుగారిని తలచుకున్నారు, కృత్రిమ మేధనూ ప్రస్తావించారు. వెట్టివాడి గురించి చాపెక్ నాటకం రాయడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందే ఆ విశ్వలేఖ వచ్చింది.

మరి ఆ తల్లికి నా జవాబు? అమ్మా, పాపం లేదు. పరీక్షలకు చదవమని చెప్పండి, అది వేరే సంగతి. వాడు ఏ పుస్తకం చదివినా మీరూ ఒక అధ్యాయం చదివి, రాత్రి అన్నాల దగ్గర అడగండి: ఇందులో చేసినవాడు ఎవరు, కష్టం వచ్చినప్పుడు వాడెక్కడున్నాడు అని. వాడు రేపు ఇంజనీరు కావచ్చు. ఏదో గోడకు లోపలివైపు, రాత్రి డ్యూటీలో, ఒక మీట దగ్గర వాడే కూర్చుని ఉండవచ్చు.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకు ట్యూషన్‌కు వెళ్ళాడు. నేను ఈ కథంతా, జస్టిన్ సంగతితో సహా, ఆమెకు చెప్పాను. కూర తరుగుతూ వింది. కత్తిపీట పక్కకు పెట్టి అడిగింది.

"మరి ఆడు ఎప్పటికైనా ఎవరికైనా చెప్పాడా మాస్టారూ?"

"చెప్పాడమ్మా. పెళ్ళాం కూడా చచ్చిపోయాక న్యాయాధికారి దగ్గరకెళ్ళి చెప్పాడు."

"ఆ పిల్లని ఉరితీసి ఎన్నాళ్ళకి?"

సంవత్సరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె నా జవాబు కోసం ఆగలేదు, కత్తిపీట ముందుకు లాక్కుంది.